సూపర్‌హీరో సినిమాల్లో కామెడీ ఎంతవరకు ఉండొచ్చు?

సీరియస్ కథ మధ్యలో జోకులు పెడితే సూపర్‌హీరో సినిమా చెడిపోతుందా అని అడిగారు. చెడిపోదు. జోకు ఎవరి నోట్లోంచి వస్తోందో చూడాలంతే. కష్టం పడేవాళ్లు వేస్తే ఎంతైనా చెల్లుతుంది, పక్కవాళ్లు వేస్తేనే ఒళ్లు మండుతుంది.

2022లో మా అక్కకి క్యాన్సర్, కీమో నడుస్తోంది. మూడు వారాలకోసారి నెల్లూరులో పినాకిని రైలెక్కి చెన్నై వెళ్లొచ్చేవాళ్లం. జుట్టు రాలడం మొదలవగానే మంగలిని ఇంటికే పిలిపించి గుండు చేయించుకుంది. అద్దంలో చూసుకుని, "ఏందిరా అబ్బయ్యా అట్టా చూస్తావు? తిరుపతి ఛార్జీలు మిగిలినయ్ గదా" అంది. బావ లేచి పెరట్లోకి పోయాడు. ఏం చేయాలో తెలీక నేను నవ్వాను.

ఆ జులైలోనే, మేనకోడలు ఇంట్లో బిక్కుబిక్కుమంటూ ఉందని 'థోర్: లవ్ అండ్ థండర్' అనే సూపర్‌హీరో సినిమాకి తీసుకెళ్లాను. దానికి పన్నెండేళ్లు, థోర్ అంటే ప్రాణం. అందులో క్యాన్సర్ కథ ఉందని నాకు తెలీదు. హీరో థోర్ మాజీ ప్రేయసి జేన్ కుర్చీలో కూర్చుని కీమో ఎక్కించుకుంటుంటే పాప చేతిలో ఎగ్ పఫ్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నా చెవి దగ్గరికొచ్చి, "మామా, ఈమెకి జుట్టు ఊడలేదే?" అంది. "సినిమా కదమ్మా" అన్నాను. ఇంకేం చెప్పను?

జేన్ ఆ కుర్చీలో ఉండే సరదాగా మాట్లాడుతుంది. అది నిజం, అచ్చం మా అక్కే. తర్వాత రెండు మేకలు దిగుతాయి. కనిపించినప్పుడల్లా గొంతు చించుకుని అరుపులే. ఈ డైరెక్టర్ టైకా వైటీటీకి ఇది అలవాటే. 2017లో ఆయనే తీసిన 'థోర్: రాగ్నరాక్'లోనూ ఊరు ఊరంతా పేలిపోతుంటే ఒక రాతి మనిషి చేత జోకు వేయించాడు. దీనికి తోడు మన హాళ్లలో ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ అని మాట మధ్యలో కోసేస్తారు. ఏడుపు రావాల్సిన చోట సమోసాల కేకలు.

కందుకూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో తోలుబొమ్మలాట చూసేవాణ్ణి. కేతిగాడు, బంగారక్క రామాయణం మధ్యలోకి దూరి బూతులతో సహా నవ్వించేవాళ్లు. కానీ లక్ష్మణుడు మూర్ఛపోయిన చోట కేతిగాడు తెర మీదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఈ లెక్క బొమ్మలాడించే వాళ్లకి తెలుసు, వందల కోట్లు పెట్టి తీసేవాళ్లకి తెలీదు.

ఆ రోజు ఇంటికెళ్లాక అక్క మంచం మీదనుంచే "సినిమా ఎట్టుందే?" అని అడిగింది. పాప కీమో మాటే ఎత్తలేదు. నడింట్లో నిలబడి, కళ్లు మూసుకుని, ఆ మేకల్లా అరిచింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, ఇంకోసారి అరవమంది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది, ఏమైపోయిందోనని.

అయినా సరే, సినిమాలో ఆ మేకలు ఎక్కువే.