పూల్‌లో తెల్ల బంతి 90 డిగ్రీల లెక్కకు ఎందుకు లొంగదు?

అడిగిన ప్రశ్న: సమాన బరువున్న రెండు బంతుల్లో ఒకటి కదలకుండా ఉండి, రెండోది వచ్చి పక్కగా ఢీకొంటే, అవి 90 డిగ్రీల కోణంలో విడిపోతాయని ఇంటర్ ఫిజిక్సులో చదివాం. పూల్ టేబుల్ మీద రంగు బంతి అనుకున్న పాకెట్‌లోనే పడుతోంది కానీ, క్యూ కర్రతో మనం కొట్టే తెల్ల బంతి మాత్రం ఆ లెక్క ప్రకారం పోవడం లేదు. ఎందుకు?

పాఠంలో తప్పేమీ లేదు. అయితే ఆ పాఠంలోని బంతులకు స్పిన్ ఉండదు, వాటి కింద క్లాత్ ఉండదు. టేబుల్ మీద సగం ఆట నడిపేవి ఆ రెండే. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, సాయంత్రాలు గడిపేది పూల్ పార్లర్‌లో. నన్నడిగితే, తెల్ల బంతి ఎటు పోతుందో తెలియాలంటే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: రంగు బంతిని తాకే క్షణానికి అది జారుతోందా, దొర్లుతోందా?

ఈ తేడాను కళ్లారా చూడవచ్చు. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు చారల బంతి ఒకటి తీసుకుని, చార అడ్డంగా, టేబుల్‌కు సమాంతరంగా ఉండేలా పెట్టండి. దాన్నే తెల్ల బంతి అనుకుని సరిగ్గా మధ్యలో కొట్టండి. బయల్దేరినప్పుడు చార అడ్డంగానే ఉంటుంది, అంటే బంతి జారుతోంది. కాసేపటికి చార ముందుకు ఒరుగుతుంది, తిరుగుడు అందుకుంటుంది, చివరికి బంతి పూర్తిగా దొర్లుతుంది. ఇప్పుడు మధ్యకు బాగా దిగువన కొట్టి చూడండి. చార మన వైపు తిరుగుతూ వెళ్తుంది, ఆ తిరుగుడు మందగిస్తుంది, రెప్పపాటు ఆగుతుంది, తర్వాత ముందుకు దొర్లడం మొదలుపెడుతుంది. మీరు చదివిన 90 డిగ్రీలు ఆ రెప్పపాటులో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు రంగు బంతి తగిలితేనే లెక్క కుదురుతుంది.

మధ్యలో కొట్టిన బంతి పూర్తి దొర్లుడులోకి వచ్చేసరికి మొదటి వేగంలో 5/7 వంతు మిగులుతుంది. క్లాత్ కొత్తదైనా పాతదైనా ఈ భిన్నం మారదు, ఆ స్థితికి చేరడానికి పట్టే దూరమే మారుతుంది. రాపిడి గుణకం 0.2 అనుకుని లెక్కవేస్తే, సెకనుకు 1 మీటరు వేగంతో వెళ్లే బంతి 12, 13 సెంటీమీటర్లలోనే దొర్లుడు అందుకుంటుంది. 2 మీటర్ల వేగానికి అర మీటరు పడుతుంది. తొమ్మిదడుగుల టేబుల్ మీద ఆడే భాగం పొడవు 2.54 మీటర్లు. కాబట్టి మెల్లగా ఆడే షాట్లలో దాదాపు ఎప్పుడూ తెల్ల బంతి దొర్లుతూనే చేరుతుంది. మీకు లెక్క తప్పినట్టు కనిపిస్తున్నది అక్కడే.

దొర్లుతూ వచ్చి తాకినా, తెల్ల బంతి మొదట 90 డిగ్రీల గీత మీదే బయల్దేరుతుంది. తాకిడి మిల్లీ సెకనులో నాలుగో వంతు కూడా ఉండదేమో, బంతుల మధ్య రాపిడీ తక్కువే. అందువల్ల బంతి దిశ మారుతుంది గానీ స్పిన్ దాదాపు పాతదే మిగులుతుంది. ఆ స్పిన్ క్లాత్‌ను పట్టుకుని బంతిని ముందుకు వంచుతుంది. ఆ వంపు పరావలయం. తుఫాను గాలుల పాఠంలో పేరు వినపడే కొరియోలిస్ 1835లో బిలియర్డ్స్ గణితం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు, ఈ వంపు లెక్క అందులో ఉంది.

వంపు ముగిశాక తెల్ల బంతి, తాకకముందు తాను వస్తున్న దిశ నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకు పోతుంది. రంగు బంతిలో పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా ఎంత మందంగా తగిలినా ఇది పెద్దగా మారదు. సరిగ్గా సగానికి తగిలితే 34 దాకా ఉంటుంది. చూపుడు వేలు, నడిమి వేలు బాగా విడదీసి ఒకదాన్ని గురి వైపు పెడితే, రెండోది తెల్ల బంతి దారి చూపుతుంది. తెల్ల బంతి పాకెట్‌లో పడే ప్రమాదం ఉందో లేదో నేను ఇలాగే చూసుకుంటాను. గట్టిగా కొడితే మాత్రం వంపు ఆలస్యంగా వస్తుంది. చివరి దిశ అదే అయినా, కుషన్‌కు, అంటే టేబుల్ అంచుకు, తగిలే చోటు మారిపోతుంది.

ఇక 90 డిగ్రీలే కావాలంటే, పార్లర్ భాషలో స్టన్ కావాలంటే, దూరాన్ని బట్టి కిందికి కొట్టాలి. నేను ఆడే చోటి మార్కర్, అంటే పార్లర్‌లో టేబుళ్లు చూసుకునే ఆయన, దీన్ని ఒక్క ముక్కలో చెప్తారు: "స్క్రూ కొట్టండి సార్, అక్కడికి వెళ్లేసరికి స్టన్ అవుతుంది." స్క్రూ అంటే బంతిని కింద కొట్టి వెనక్కి తిరిగే స్పిన్ ఇవ్వడం. ఫిజిక్సు మాస్టార్లు ఇంత పొదుపుగా చెప్పగా నేను వినలేదు. దూరం పెరిగితే ఇంకా కిందికో, ఇంకా గట్టిగానో కొట్టాలి. అయితే బంతి మధ్య నుంచి వ్యాసార్ధంలో సగం, అంటే 14 మిల్లీమీటర్లు దాటితే, ఎంత చాక్ పూసినా క్యూ జారిపోతుంది.

సైడ్ స్పిన్ జోలికి ఇప్పుడే పోకండి. కుడి పక్కన కొడితే తెల్ల బంతి గురి నుంచి కాస్త ఎడమకు తప్పుకుంటుంది, మీ కొలతలన్నీ కలగాపులగం అవుతాయి.

ఇంకొకటి, పుస్తకంలో "సమాన బరువు" అన్న మాటను మీ టేబుల్ పాటిస్తోందా అన్నది కూడా చూడండి. అన్ని దెబ్బలూ తినేది తెల్ల బంతే కాబట్టి అరుగుదల దానికే ఎక్కువ. కొన్ని పార్లర్లలో అది వేరే సెట్టులోది కూడా అయివుంటుంది. రెండు రంగు బంతుల మధ్య తెల్ల బంతిని ఆనించి పెట్టి, పైన తిన్నని స్కేలు ఉంచండి. మధ్యలో సందు కనిపిస్తే తెల్ల బంతి చిన్నది, తేలికైనది. అప్పుడు స్టన్ కొట్టినా కోణం 90 దాటుతుంది, తిన్నగా కొడితే కాస్త వెనక్కి వస్తుంది. మార్కర్‌నడిగి వేరే బంతి తెప్పించుకోండి. లేదంటే ఆ టేబుల్ మీద స్క్రూ కొంచెం తగ్గించి ఆడండి.