సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నా జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. అనంతపురం దగ్గర పల్లె. మూడేళ్లుగా కీళ్లవాతం. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు, శనక్కాయలు ఒలవడం కూడా చేతకావడం లేదు. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నా సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 38 ఉంది. ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. ఇప్పుడు టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ రాశారు. అది ఇమ్యూనిటీని చంపేస్తుందని ఫోన్‌లో చదివి టెన్షన్ పట్టుకుంది. నాలుగేళ్ల కిందట ఇంట్లోనే మా మామకు టీబీ వచ్చి తగ్గింది. వేయించుకోవచ్చా?

జవాబు: వేయించుకోవచ్చమ్మా. కానీ మీ మామగారి టీబీ సంగతి ఇంజెక్షన్ రాసిన డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే ముందు ఆ పని చేయండి. ఛాతీ ఎక్స్‌రే, టీబీ స్కిన్ టెస్టు లేదా రక్తపరీక్ష చేయించాలి. ఒంట్లో టీబీ దాగి ఉందని తేలితే ముందు దానికి మందులు మొదలుపెట్టి, ఆ తర్వాతే ఇంజెక్షన్.

ఇక ఇమ్యూనిటీని చంపడం గురించి. మన రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని ప్రొటీన్లను వదులుతాయి. అందులో ఒకటి, మీ కీళ్లలో వాపును పెంచేది ఇంటర్‌ల్యూకిన్-6. జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీలో తదమిత్సు కిషిమోటో బృందం 1986లో దీని జన్యువును, 1988లో అది వచ్చి అతుక్కునే రిసెప్టర్‌ను పట్టుకుంది. మీకు రాసిన మందు ఆ పరిశోధన నుంచి పుట్టిందే. బీగంలో చీపురుపుల్ల విరిగి ఇరుక్కుంటే, చేతిలో సరైన బీగంచెవి ఉన్నా తలుపు తెరుచుకోదు కదా! ఈ మందు ఆ రిసెప్టర్‌లో ఇరుక్కుని చేసేది అదే. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, లోపలికి కబురు మాత్రం అందదు. మిగతా బీగాల జోలికి మందు పోదు.

మీ హిమోగ్లోబిన్ కథ కూడా బహుశా ఇక్కడిదే. ఈ కబురు లివర్‌కు చేరితే అది హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అప్పుడు తిన్న ఐరన్ పేగుల్లోంచి సరిగా ఎక్కదు, నిల్వ ఉన్నది బయటికి రాదు. మాత్రల తప్పు కాదు. అయినా ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, నిజంగానే ఐరన్ తక్కువైన వాళ్లూ ఉంటారు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. సీఆర్‌పీని లివర్ తయారుచేసేది కూడా ఈ కబురు అందాకే. కాబట్టి ఇంజెక్షన్ మొదలయ్యాక సీఆర్‌పీ బాగా పడిపోతుంది, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దగా పెరగకపోవచ్చు. జ్వరం కూడా గట్టిగా రాకపోవచ్చు. రిపోర్టు చూసి ‘అంతా నార్మల్’ అని ఎవరైనా పంపేస్తే ఊరుకోకండి. దగ్గు తగ్గకపోయినా, మూత్రంలో మంట వచ్చినా, పుండు మానకపోయినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా అదే రోజు చూపించుకోవాలి. కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

లివర్ పరీక్ష, రక్తకణాల లెక్క, కొలెస్ట్రాల్ మీ డాక్టరు చెప్పిన గడువుల్లో చూపించాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే (రోజూ మింగి ఆసుపత్రి పాలైన వాళ్లున్నారు, అందుకే మళ్లీ చెబుతున్నా). మందు పేరు, చివరి డోసు తేదీ ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డు కవర్‌లో పెట్టుకోండి. జ్వరమని ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ చీటీ చూపించండి.