అంగన్‌వాడీకి వెళితే పరువు పోతుందా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక పల్లె. నాకు ఏడాదిన్నర పాప ఉంది, ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. మావారి జీతం సగానికి తగ్గింది. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటానంటే, ‘మనకంత గతి పట్టిందా’ అని అత్తగారు అడ్డుపడుతున్నారు. మావారు మాట్లాడరు. పాప బరువు కూడా పెరగడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అత్తగారి మాట కాదు, చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన పాప బరువు సంగతి. ఈ వారంలోనే పాపను అంగన్‌వాడీకి తీసుకువెళ్లి బరువు తూయించండి, ఎత్తు కొలిపించండి. కార్డులోని పెరుగుదల గీత పైకి వెళ్లకుండా అడ్డంగా సాగుతున్నా, కిందికి దిగుతున్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. తిండి చాలకపోవడం ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు.

ఇక పరువు మాట. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం, గర్భిణిగా ఉన్నంతకాలం, ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు తల్లికీ, ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఆరేళ్ల వరకు బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత పోషకాహారం అందాలి. ఇది దయతో పెట్టేది కాదు, మీ హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికే ఇవ్వాలన్న షరతు పెట్టరాదని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది కనుక, అక్కడ పేరు రాయించుకున్నంత మాత్రాన మీ ఇంటి మీద ఏ ముద్రా పడదు.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టాలన్న ఏర్పాటు ఊరికే చేసింది కాదు. ఇంటికి తెచ్చిన గుడ్డును మన ఆడవాళ్లు తాము తినరు. మామగారికో, మరిదికో, బడికి వెళ్లే పిల్లవాడికో పెట్టి, మిగిలిన చారన్నంతో సరిపెట్టుకుంటారు. నేను వెళ్లిన ఒక ఇంట్లో పసిబిడ్డకిచ్చిన బాలామృతం పిండితో ఉండలు చుట్టి ఇంటిల్లిపాదికీ పంచారు. ఆ బిడ్డకు దక్కింది ఒక్క ఉండ. ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు, అయినా నష్టపోయింది ఆ బిడ్డే. అందుకే మీ వంతు భోజనం అక్కడే తినండి, పాపకిచ్చే రెండున్నర కిలోల బాలామృతం పొట్లాన్ని పాప కోసమే విడిగా దాచండి.

ఈ విషయం అత్తగారికి చెప్పవలసింది మీరు కాదు, మీవారు. వాదించమని కాదు, ‘పాప బరువు పెరగడం లేదమ్మా, అక్కడ తూకం వేసి తిండి ఇస్తారట, నువ్వూ తోడు వెళ్లు’ అని ఒక్క మాట అంటే చాలు. మనవరాలిని తన చేతులతో తూకంలో కూర్చోబెట్టి, కార్డులో చుక్క ఎక్కడ పడిందో టీచరమ్మ చూపిస్తుంటే కళ్లారా చూసిన పెద్దావిడకు ‘గతి’ అన్న మాట మళ్లీ నోటికి రావడం కష్టం. అప్పటికీ ఆవిడ ఒప్పుకోకపోతే, ఆవిడ మనసు మారేదాకా ఆగకండి. కడుపులోని బిడ్డకు ఈ నెలలు మళ్లీ రావు.

పేరు రాయించేటప్పుడు, కేంద్ర పథకమైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మీ దగ్గర అమలవుతోందేమో కూడా అడగండి. దాని కింద రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే అర్హులైన తల్లికి 6,000 రూపాయలు నేరుగా ఆమె ఖాతాలోనే వేస్తారు. ఆ ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.