ఇంటి విలువ పెంచితే ఆస్తి పన్నూ అంతే పెరుగుతుందా?

అంతే పెరగాలనేం లేదు. పునర్మూల్యాంకనంలో, అంటే స్థానిక సంస్థ ఇళ్ల విలువలను మళ్లీ లెక్కగట్టినప్పుడు, ప్రధానంగా మారేది మొత్తం పన్నులో మీ వంతు. ఆ సంస్థ మునుపటి మొత్తాన్నే వసూలు చేయదలిస్తే పన్ను రేటు తగ్గిస్తుంది. అప్పుడు ఇళ్ల విలువ సగటున 20 శాతం, మీ ఇంటిది 30 శాతం పెరిగితే మీ పన్ను పెరిగేది సుమారు 8 శాతమే (1.30ని 1.20తో భాగించి చూడండి). మీది 10 శాతమే పెరిగితే పన్ను తగ్గుతుంది కూడా. రేటు తగ్గించకపోతే మాత్రం పెంపంతా మీ మీదే పడుతుంది.

కొత్త విలువ నోటీసు రాగానే మదింపు రికార్డు (మీ ఇంటి విలువ లెక్కగట్టిన వివరాలు) నకలు తీసుకుని కొలతలు సరిచూడండి. బాల్కనీని గదిగా లెక్కేయడం, కట్టిన సంవత్సరం తప్పు పడటం లాంటివి అక్కడే దొరుకుతాయి. అప్పీలులో "పన్ను ఎక్కువైంది" అంటే నిలవదు. విలువే తప్పని, మదింపు తేదీకి దగ్గర్లో అమ్ముడైన మూడు నాలుగు అలాంటి ఇళ్ల ధరలతో చూపాలి. అప్పీలు గడువు చాలాచోట్ల కొద్ది వారాలే, నోటీసులో ముందు ఆ తేదీ వెతకండి.