స్టూడియో అబ్బాయి సినిమా కెమెరా పడతానంటే

జనగామ నుంచి ఒక తండ్రి రాశారు. పాతికేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నారట. ఫోన్లొచ్చాక పాస్‌పోర్టు ఫొటోలు, స్కూలు గ్రూప్ ఫొటోలు తగ్గిపోయి ఇప్పుడు పెళ్లిళ్ల మీదే ఇల్లు గడుస్తోంది. అబ్బాయి బీకామ్ రెండో ఏడాది. చదువు మానేసి హైదరాబాద్ వెళ్లి సినిమా కెమెరామన్ అవుతానంటున్నాడు, మూడు లక్షలు పెట్టి కెమెరా కొనివ్వమంటున్నాడు. "నా బతుకు వాడికి వద్దనే కదా మేడమ్ చదివించింది, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటే ఇదేం గొడవ" అని అడుగుతున్నారు.

సార్, మీ ఉత్తరంలో ఒక సంగతి ఏదో మాటవరసకి రాసేశారు, నేను మాత్రం దాన్ని మూడుసార్లు చదివాను. పోయిన శ్రావణంలో ఒక పెళ్లిలో కరెంటు పోయింది, మీరు జనరేటర్ కోసం కిందికి పరుగెత్తారు, తిరిగొచ్చేసరికి మీవాడు పెళ్లికూతురి కుర్చీని కిటికీ వైపు పక్కకి తిప్పి, రెండోవైపు ఒక తెల్ల పంచె దండెం మీద ఆరేసి, ఆ పంచె మీద పడి వచ్చే వెలుతురులో ఫొటో తీసేశాడు. వాళ్లు ఆల్బమ్ అట్ట మీద ఆ ఫొటోనే వేయించుకున్నారని కూడా మీరే రాశారు. లైట్లన్నీ వేసి ముఖం తెల్లగా కొట్టేయడం ఎవరైనా చేస్తారు. ఒక చెంప వెలుగులో, రెండో చెంప కాస్త నీడలో ఉండాలని, ఆ నీడ మరీ నల్లబడిపోకూడదని పంచె ఆరేయడం వాడికి ఎవరు చెప్పారు? మీ స్టూడియోలో చిన్నప్పటి నుంచి చూసి చూసి వచ్చింది అది. మీరు మాత్రం ఆ బతుకు వాడికి వద్దంటున్నారు.

ఎ. విన్సెంట్ గారి గురించి చెప్తాను. 'ప్రేమ్‌నగర్', 'అడవిరాముడు' చూసే ఉంటారు, వాటికి కెమెరా ఆయనదే. 1928లో పుట్టారు, ఊరు కేరళలోని కాలికట్. వాళ్ల నాన్నకి ఆ ఊళ్లో ఫొటో స్టూడియో ఉండేది, అంటే మీవాడి లాగే డార్క్‌రూమ్ పక్కన పెరిగిన పిల్లాడన్నమాట. పంతొమ్మిదేళ్లకే, 1947లో, మద్రాసు వచ్చి సినిమాలు తీసే జెమినీ స్టూడియోలో చేరారు. చేరగానే కెమెరా చేతికివ్వలేదు, పెద్ద కెమెరామెన్ దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్నారు. 1954లో వచ్చిన మలయాళం సినిమా 'నీలక్కుయిల్'కి ఆయనే ఛాయాగ్రాహకుడు, దానికి రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. తర్వాత తమిళం, తెలుగు, హిందీ, ఏ భాష పిలిస్తే ఆ భాషకి వెళ్లారు, 1964 నుంచి మలయాళంలో దర్శకత్వం కూడా చేశారు. 1997లో వచ్చిన 'అన్నమయ్య'కీ పనిచేశారు. బ్లాక్ అండ్ వైట్ పోయి రంగులొచ్చాయి, స్టూడియో సెట్ల నుంచి అడవుల దాకా షూటింగులు వెళ్లాయి, కెమెరాలు మారాయి, ఆయన మాత్రం నలభై ఏళ్లు దాటినా పనిలోనే ఉన్నారు. కొడుకులిద్దరూ కెమెరామెన్లే అయ్యారు.

అందరూ విన్సెంట్ అవుతారని చెప్పడం లేదు. ఆయన రోజుల్లో పెద్ద స్టూడియోలే బడులు, లోపలికి అడుగుపెడితే పని నేర్పేవాళ్లు. ఆ స్టూడియోలు ఇప్పుడు లేవు, అందుకే అబ్బాయి చదువు మానకూడదని గట్టిగా చెప్తున్నాను. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో, కలకత్తాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ కోర్సు మూడేళ్లు, రెండూ కేంద్ర ప్రభుత్వానివే, చేరాలంటే ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉండాలి. బీకామ్ అయినా చాలు. 'మగధీర', 'బాహుబలి'కి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ మన సికింద్రాబాద్ మనిషే, పుణెలో చదివి వచ్చారు, మొదటి సినిమా 2003లో 'ఐతే', చాలా తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. మీవాడు ఈ ఏడాది బీకామ్ మానేస్తే ఆ తలుపు తనే వేసుకున్నట్టు. ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టమనండి. ఈలోపు ఆ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు చూసుకోమనండి, సీట్లు చాలా తక్కువ, మొదటిసారి రాకపోవచ్చు. (ఇంటర్ అయిన పిల్లలకి హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, నాలుగేళ్లు. మీవాడికి ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి అది అక్కర్లేదు, చదివేవాళ్లలో ఇంకెవరికైనా పనికొస్తుందని చెప్తున్నా.)

కెమెరా మాత్రం కొనకండి. ఇది చెప్తే అబ్బాయికి నా మీద కోపం వస్తుంది, రానివ్వండి. పెద్ద పెద్ద సినిమాలకే కెమెరా, లెన్సులు, లైట్లు రోజు అద్దెకి తెస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఈఎంఐ మీద కెమెరా కొని, ఆ వాయిదాల కోసం ఏ పని దొరికితే ఆ పని ఒప్పుకుంటూ, ఒక మంచి కెమెరామన్ దగ్గర అసిస్టెంటుగా వచ్చిన అవకాశాన్ని జీతం లేదని వదులుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధేస్తుంది. మీ స్టూడియోలో ఉన్న కెమెరాకి జూమ్ లేని ఒక 50 ఎంఎం లెన్సు తగిలించి, ఆరు నెలలు జూమ్ ముట్టుకోకుండా దాంతోనే తీయమనండి. దగ్గరికి కావాలంటే తనే నడవాలి, దూరం కావాలంటే తనే వెనక్కి జరగాలి, అప్పుడే ఎక్కడ నిలబడాలో కాళ్లకి తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా దాచను. సినిమాల్లో అసిస్టెంటుగా చేరాక మొదటి మూడు నాలుగేళ్లు నెల జీతం అనేదేమీ ఉండదు, షూటింగ్ ఉన్న రోజే బేటా, అంటే రోజువారీ ఖర్చు డబ్బు, లేని రోజు గదిలో కూర్చోవడమే. లెన్సులు తుడవడం, బ్యాటరీలు చార్జింగ్ పెట్టడం, పెట్టెలు మోయడం, ఫోకస్ పట్టడం, అన్నీ అయ్యాకే లైటింగ్ గురించి ఎవరైనా నిన్ను అడిగేది. కానీ సార్, మూఢం వస్తే పెళ్లిళ్లు లేక రెండు నెలలు చేతిలో పైసా ఆడకపోవడం మీకు కొత్తేం కాదు కదా, ఆ టెన్షన్ మీ ఇంటికి అలవాటే. మీవాడికైతే ఇంకో ఆసరా కూడా ఉంది. షూటింగ్ లేని ముహూర్తాల్లో ఊరికొచ్చి మీతో పాటు రెండు పెళ్లిళ్లు చేసుకుంటే ఆ నెల గది అద్దె, తిండి వెళ్లిపోతాయి. స్టూడియో మూసేయకండి అంటున్నది అందుకే.

మూడు నెలల్లో కెమెరామన్‌ని చేస్తామని, ఫలానా సినిమాలో పెట్టిస్తామని డబ్బు కట్టమనే వాళ్లుంటారు. అక్కడ నేర్చుకున్న పిల్లల పేర్లు ఏ సినిమా టైటిల్స్‌లో పడ్డాయో చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

బ్యాంకు కోచింగ్ గురించి అడిగారు. వాడికి లెక్కలంటే ఇష్టం లేదని మీరే రాశారు, ఆ ఫీజు డబ్బు పక్కన పెట్టండి, పుణె పరీక్షకి వెళ్లి రావడానికి పనికొస్తుంది.

ఇక ఈ ఆదివారం నాకోసం ఒక పని చేయండి. అటక మీద మీ పాత నెగెటివ్ డబ్బాలు ఉండే ఉంటాయి, దింపి అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఒక్కొక్కటి పెట్టి చూడండి. పెన్సిల్‌తో రీటచింగ్ ఎక్కడ చేశారో, గొడుగు లైటు ఏ పక్కన పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పండి. తర్వాత అబ్బాయి తీసిన వాటిలో తనకి నచ్చిన పన్నెండు ఫొటోలు ఏరి నాకు పంపమనండి, పుణె చదువు చదివొచ్చిన ఒకరిద్దరికి చూపించి ఏమన్నారో దాచకుండా రాస్తాను. ఆ పన్నెండిట్లో కిటికీ పక్క పెళ్లికూతురు తప్పకుండా ఉండాలి.