అది ‘నరాల బలహీనత’ కాదు.. ముందు గుండె పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా పనిచేస్తున్నాను. ఏడేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మొన్న చేయిస్తే మూడు నెలల షుగర్ 8.9 వచ్చింది. బీపీకి అటెనొలాల్ 50 వేసుకుంటాను. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తాను. ఏడాదిన్నరగా అంగం సరిగా గట్టిపడటం లేదు, గట్టిపడినా మధ్యలోనే మెత్తబడిపోతోంది. తెల్లవారుజామున వచ్చే స్తంభన కూడా దాదాపు ఆగిపోయింది. కోరికకు మాత్రం లోటు లేదు. నరాల బలహీనత అని చెప్పి ఒకాయన ఇచ్చిన పొడి మూడు నెలలు వాడాను. వేసుకున్న రాత్రి బాగానే ఉండేది గానీ మొహం వేడెక్కి, తలనొప్పి వచ్చేది. నా భార్యకు నా మీద అనుమానం మొదలైంది. కుర్రతనంలో హస్తప్రయోగం వల్ల ఇలా అయిందా? మిర్చి ఘాటు వల్లా? వయాగ్రా వేసుకుంటే గుండె ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సిగ్గుపడకుండా వివరంగా రాశారు. మీరిచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. హస్తప్రయోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ భయం ఈరోజుతో వదిలేయండి. మిర్చి ఘాటు ముక్కునీ ఊపిరితిత్తుల్నీ బాధపెడుతుంది గానీ, అంగస్తంభనను దెబ్బతీస్తుందనడానికి ఆధారం లేదు. ఇక గోడల మీద కనిపించే ‘నరాల బలహీనత’ అనే జబ్బు వైద్యశాస్త్రంలోనే లేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం నిజమే, కానీ అది వేరే సంగతి. దానికి బలం పొడులు మందు కావు.

స్తంభన అంటే ప్రధానంగా రక్తప్రసరణ. కోరిక కలిగినప్పుడు నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాంతో అంగంలోని రెండు స్పాంజి గొట్టాల కండరం వదులై, రక్తం వేగంగా వచ్చి నిండుతుంది. నిండిన స్పాంజి బయటికి వెళ్లే సిరల్ని నొక్కేయడంతో రక్తం అక్కడే నిలుస్తుంది. గట్టిదనం దానివల్లే. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్, పొగ, బీపీ, కొలెస్ట్రాల్ ఈ లోపలి పొరనే పాడు చేస్తాయి. అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ చాలదు. రక్తం సరిగా రాదు, వచ్చింది నిలవదు. మధ్యలో మెత్తబడటం ఇందుకే.

తెల్లవారుజామున స్తంభన ఆగిపోయిందన్న మాట ముఖ్యమైనది. మనసులోని భయం వల్ల వచ్చే సమస్యలో నిద్రలో వచ్చే స్తంభన సాధారణంగా బాగానే ఉంటుంది, తేడా భార్య దగ్గరకు వెళ్లినప్పుడే వస్తుంది. సమస్య ఉన్నట్టుండి మొదలవుతుంది కూడా. మీకు మెల్లగా మొదలై నిద్రలోనూ తగ్గింది కాబట్టి మూలం శరీరంలోనే ఉందనుకోవాలి. దాని మీద భయం కూడా తోడై ఉంటుంది. ఒకసారి విఫలమైతే ‘ఈసారీ అంతేనేమో’ అన్న కంగారులో అడ్రినలిన్ పెరిగి, ఉన్న నాళాలు కూడా బిగుసుకుంటాయి.

నాకు మీ గుండె గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. అంగానికి వెళ్లే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనిది 3 నుంచి 4. ఒకేరకం కొవ్వు పూత రెండింట్లో పేరుకుంటుంటే ముందు మూసుకుపోయేది సన్ననిదే. అందుకే చాలామందిలో గుండెనొప్పి కనిపించడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే స్తంభన తగ్గుతుంది. పైగా షుగర్ ఉన్నవారికి గుండె జబ్బు నొప్పి లేకుండానే రావచ్చు. మీకు షుగర్, బీపీ, సిగరెట్ మూడూ ఉన్నాయి. కాబట్టి మాత్ర గురించి ఆలోచించే ముందు ఈసీజీ, అవసరమైతే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకోండి. ఇరవై నిమిషాల్లో ఒకటిన్నర కిలోమీటరు చురుగ్గా నడిచినా, రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కినా ఆయాసం గానీ ఛాతీలో బరువు గానీ రాకపోతే దాంపత్యం సాధారణంగా గుండెకు భారం కాదు. వస్తే మాత్రం కార్డియాలజిస్టు చూసేదాకా ఆగండి.

పరీక్షల్లో లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ చూడాలి. టెస్టోస్టెరాన్ ఉదయం 7 నుంచి 11 గంటల లోపు, పరగడుపున ఇవ్వాలి. మధ్యాహ్నం ఇస్తే తక్కువగా చూపిస్తుంది. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చేయించాలి. రెండుసార్లూ తక్కువ వచ్చి, లక్షణాలూ ఉంటేనే హార్మోన్ గురించి ఆలోచిస్తారు. పరీక్ష లేకుండా ‘మగతనం ఇంజక్షన్’ వేయించుకోవద్దు. రక్తం చిక్కబడుతుంది, వీర్యకణాలు పడిపోతాయి. అంగంలో రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ అందరికీ అక్కర్లేదు.

మీ బీపీ మాత్ర మీద కూడా నాకు అనుమానం ఉంది. అటెనొలాల్ కొందరిలో స్తంభనను తగ్గిస్తుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరిగి ఛాతీనొప్పి రావచ్చు. మీ డాక్టరు గారిని అడిగితే వారం పదిరోజుల్లో క్రమంగా తగ్గించి, గుండెకు అది తప్పనిసరి కాకపోతే, టెల్మిసార్టాన్ లాంటి దానికి మార్చగలరు. షుగర్ ఉన్నవారి కిడ్నీకి కూడా అది మేలు.

ఇక ఆ పొడి. వేసుకున్న రాత్రే పనిచేయడం, మొహం వేడెక్కడం, తలనొప్పి.. ఇవి అచ్చంగా సిల్డెనఫిల్ లక్షణాలు. వయాగ్రాలో ఉండే మందు అదే. మూలికలంటూ అమ్మే ఉత్పత్తుల్లో దీన్ని చెప్పకుండా కలపడం ఎన్నోసార్లు పరీక్షల్లో బయటపడింది, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి వాటిపై తరచూ హెచ్చరికలు జారీ చేస్తుంటుంది. ఎంత కలిపారో తెలియని మందు మూడు నెలలు వేసుకోవడమే అసలు ప్రమాదం. ఇకపై ముట్టుకోకండి.

లెక్క ప్రకారం వాడితే సిల్డెనఫిల్ గుండెను ఆపదు. అసలు 1998లో స్తంభన మందుగా అనుమతి పొందకముందు దాన్ని గుండెనొప్పి కోసమే పరీక్షించారు. ప్రాణాంతకమయ్యేది నైట్రేట్లతో కలిసినప్పుడు. చాలా ఇళ్లలో నాలుక కింద పెట్టుకోవడానికి ఉంచుకునే సార్బిట్రేట్, నైట్రోగ్లిజరిన్ ఆ జాతివే. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది. సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటల వరకు, అదే కోవకు చెందిన టడలఫిల్ అయితే 48 గంటల వరకు సార్బిట్రేట్ వాడకూడదు. ఆ మధ్యలో ఛాతీనొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, మాత్ర వేసుకున్న సంగతి దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాస్తే క్యాజువాలిటీలో మొదట పెట్టేది ఆ సార్బిట్రేట్ మాత్రే కావచ్చు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటివి వాడుతుంటే ఆ మాట కూడా చెప్పాలి.

గుండె పరీక్షల్లో ఇబ్బంది లేదని తేలితే మామూలుగా 50 మిల్లీగ్రాముల సిల్డెనఫిల్‌తో మొదలుపెడతారు. చాలామంది ‘పనిచేయలేదు’ అనేది వాడే తీరు తెలియక. నెయ్యి, వేపుళ్లతో కడుపునిండా తిని వెంటనే వేసుకుంటే మందు ఒంటబట్టడం గంటసేపు ఆలస్యమవుతుంది. రాత్రి ఎనిమిదింటికి తేలిగ్గా తిని, పదింటికి మాత్ర వేసుకుంటే పదకొండుకల్లా పనిచేస్తుంది. ప్రభావం నాలుగైదు గంటలు ఉంటుంది. మందు దానంతటదే స్తంభన తేదు. కోరిక, స్పర్శ ఉండాలి. వేసుకుని టీవీ చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. 24 గంటల్లో ఒక్కసారే. వేర్వేరు రోజుల్లో ఆరు నుంచి ఎనిమిది సార్లు సరిగా వాడి చూశాకే ఫలించలేదని తేల్చాలి, అప్పుడు డాక్టరు 100కి పెంచుతారు. సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు రాసి ఏ అర్ధరాత్రో ఇంటికి చేరే మీలాంటి వారికి టడలఫిల్ అనుకూలం. భోజనంతో పేచీ లేదు, 36 గంటల దాకా పనిచేస్తుంది. రోజూ 5 మిల్లీగ్రాములు వేసుకునే పద్ధతీ ఉంది. దీనితో కొందరికి నడుంనొప్పి వస్తుంది. ఏది వాడినా స్తంభన నాలుగు గంటలు దాటి దిగకపోయినా, చూపు ఉన్నట్టుండి తగ్గినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగితే అంగంలోని కండరం శాశ్వతంగా దెబ్బతింటుంది.

షుగర్ ఉన్నవారిలో ఈ మాత్రలు ఇతరులంత బాగా పనిచేయవు. అలాంటప్పుడు వాక్యూమ్ పంపు ఉంది, దాని రింగు 30 నిమిషాల్లో తీసేయాలి. అంగం పక్కభాగంలో సన్నని సూదితో వేసుకునే ఇంజక్షన్ ఉంది, మోతాదు క్లినిక్‌లోనే తేల్చి నేర్పుతారు. ఇవేవీ కుదరకపోతే చివరిది ఇంప్లాంట్ ఆపరేషన్. మీరు అంతదూరం వెళ్లకపోవచ్చు.

ఎందుకంటే మీ చేతిలో ఉన్నవి ఇంకా చాలా ఉన్నాయి. మీ వయసుకు మూడు నెలల షుగర్ 7 దగ్గరికి రావాలి. సిగరెట్ తగ్గించడం కాదు, మానాలి. గుండె డాక్టరు సరేనన్నాక వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాలు చెమట పట్టేలా నడిస్తే ఆరు నెలల్లో స్తంభనలో తేడా కనిపిస్తుంది. గురక పెడుతూ పగలు కునికిపాట్లు పడుతుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూపించుకోండి, దానివల్లా ఇది వస్తుంది.

మీ భార్య గారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆవిడ అనుమానానికి కారణం మీరు చెప్పకపోవడమే. కోరిక ఉండి శరీరం సహకరించకపోవడం ఇంకొకరి మీద మనసు పోవడం కాదని తెలిస్తే ఇద్దరికీ బరువు దిగుతుంది. వీలైతే ఆవిడనూ వెంటబెట్టుకుని వెళ్లండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో యూరాలజీ విభాగం ఉంది, మీ షుగర్ డాక్టరు గారితో మొదలుపెట్టినా మంచిదే. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, మిగిలి ఉంటే ఆ పొడి డబ్బా కూడా తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి.