నాన్న అంబాసిడర్, నాన్న వాచీలు: ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు ఎనిమిది నెలల కిందట కాలం చేశారు. అమ్మ, అన్నయ్య, నేను, చెల్లెలు ఉన్నాం. నాన్న తన జీతంతో 1968లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ టూ ఇప్పటికీ నడుస్తోంది. ఆయనకు వాచీలంటే ప్రాణం. బీరువాలో హెచ్ఎంటీలు చాలా ఉన్నాయి, బంగారు కేసు వాచీ ఒకటి ఉంది. ఫేవర్ లూబా వాచీని మాత్రం చెల్లెలికి ఉద్యోగం వచ్చిన రోజున ఆయనే చేతికి పెట్టారు. డైరీలో “కారు చిన్నవాడికి, ఫేవర్ లూబా అమ్మాయికి” అని రాసి సంతకం చేశారు. సాక్షులు లేరు. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో “పదిహేనేళ్లు దాటిన కారు తుక్కే. అన్నీ అమ్మి పంచుకుందాం. చెల్లి వాచీ తిరిగివ్వకపోతే దొంగతనం కేసు పెడతా” అంటున్నాడు. కారు ఆర్‌సీ నాన్న పేరునే ఉంది, గడువు ఎప్పుడో అయిపోయింది. మెకానిక్ డీజిల్ ఇంజిన్ వేయించమంటున్నాడు. ప్రతి ఆదివారం అమ్మను ఆ కారులోనే మంగళగిరి తీసుకెళ్తున్నాను. కారు నాకు దక్కుతుందా?

జవాబు: వాటాల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ఆదివారం ప్రయాణాలు ఆపండి. రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండిని రోడ్డు మీదికి తేవడమే నేరం. ఇన్సూరెన్స్ గురించి మీరు రాయలేదు కానీ, ఆర్‌సీ గడువు తీరిన బండికి అదీ ఉండి ఉండదనుకుంటాను. ఏదైనా ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే, కంపెనీ కట్టాల్సిన పరిహారమంతా మీ ఇంటి మీద పడుతుంది. అమ్మను గుడికి వేరే బండిలో తీసుకెళ్లండి.

ఇక హక్కుల మాట. మీరు హిందువులని అనుకుని చెబుతున్నాను. స్వార్జిత ఆస్తి, అంటే తాను సంపాదించుకున్న ఆస్తి ఉన్న వ్యక్తి వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమె కూడా సమాన వారసులు. మీ నాయనమ్మ లేరనుకుంటే వాటాలు నాలుగు, తలా పావు. మీ ఉత్తరమంతా అన్నదమ్ముల వాదనే ఉంది. అమ్మ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆవిడ వాటా మీ వాటాతో సమానం. ఆవిడ సంతకం లేకుండా ఏ ఒప్పందమూ పూర్తి కాదు.

డైరీలో రాసిన మాట వీలునామాగా చెల్లదు. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అలాగని ఆ కాగితాన్ని పక్కన పడేయకండి. రేపు నలుగురూ కూర్చున్నప్పుడు నాన్నగారి మనసులో ఏముందో చెప్పేది అదే.

ఫేవర్ లూబా విషయంలో మీ చెల్లెలు నిశ్చింతగా ఉండొచ్చు. చరాస్తిని దానమివ్వడానికి రిజిస్టర్డ్ పత్రం ఉండాల్సిన పని లేదు, వస్తువును చేతికి అందిస్తే చాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 చెబుతోంది. నాన్నగారు బతికుండగానే ఇచ్చారు, ఆమె తీసుకుంది. దానం అక్కడితో పూర్తయింది. ఆయన పోయేనాటికి ఆ వాచీ ఆయన ఆస్తి కాదు, పంపకంలోకి రాదు. ఆనాటి ఫొటో గానీ, చూసిన బంధువులు గానీ ఉంటే మంచిది. డైరీ మాట కూడా ఇక్కడ కొంత బలమే. అయితే “అమ్మాయికి” అన్నది ఇకముందు ఇవ్వాలనే అర్థంలో రాశారని అన్నయ్య వాదించవచ్చు కాబట్టి, అది రాసిన తేదీ, వాచీ ఇచ్చిన తేదీ సరిచూసుకోండి. దొంగతనం కేసు అన్న బెదిరింపుకు టెన్షన్ పడకండి. తండ్రి చేత్తో ఇచ్చిన వస్తువును కూతురు పెట్టుకుంటే అందులో దురుద్దేశం ఎక్కడుంది? ఇది సివిల్ తగాదా.

కారు సంగతి వేరు. అది నాన్నగారి పేరునే ఉండిపోయింది కాబట్టి నలుగురిదీ. ఇంతకాలం మీరే చూసుకున్నారన్నది నిజమే, నాకు అర్థమవుతోంది. కానీ ప్రేమ ఎక్కువున్నవాడికి చట్టం వాటా పెంచదు. వారసుల్లో ఒకరు తన వాటా అమ్ముతుంటే మిగతావారు ముందుగా కొనుక్కునే హక్కు హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 22లో ఉంది. అయితే అది స్థిరాస్తికి, వ్యాపారానికే గానీ కారుకు వర్తించదు. కోర్టుకెళ్తే కారును నాలుగు ముక్కలు చేయలేరు గనక వేలం వేసి డబ్బు పంచమనే అవకాశమే ఎక్కువ. ఆ వేలంలో మీకంటే ఎక్కువ పెట్టేవాడుంటే నాన్నగారి కారు అతనిదైపోతుంది. అందుకే కోర్టు దాకా పోనివ్వకండి.

అన్నయ్య “తుక్కు” అన్నది కూడా సరికాదు. పదిహేనేళ్ల పెట్రోలు బండి, పదేళ్ల డీజిల్ బండి తిరగకూడదన్న ఆంక్ష ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర ఫిట్‌నెస్ ఉంటే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇదివరకే నెంబరున్న బండి ఆ పాత నెంబరునే ఉంచుకోవచ్చు. మీ కారు వయసు రీత్యా అర్హమే. కానీ ఆ పేరు చూసి తొందరపడొద్దు. వింటేజ్ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీగా తిప్పకూడదు. మీకు కావలసింది అమ్మతో మంగళగిరి ప్రయాణం. నా సలహా మామూలు పొడిగింపే.

రెంటిలో ఏది ఎంచుకున్నా డీజిల్ ఇంజిన్ ఆలోచన మానుకోండి. ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. ఆర్‌సీలోని ఇంజిన్ నెంబరుకూ బండికీ పొంతన ఉండదు. అసలు 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ పోతే వింటేజ్ అర్హతా పోతుంది, విలువా పడిపోతుంది. పైగా మిగతా ముగ్గురి ఆస్తిని వాళ్లనడక్కుండా మార్చినవారవుతారు.

వాచీలకూ ఇదే జాగ్రత్త. హెచ్ఎంటీ 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. వాచీల కంపెనీ 2016లో మూతపడ్డాక జనతా, పైలట్ లాంటి పాత మోడళ్లు సేకరించేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు చూసేది అసలు డయల్‌నే. మెరుస్తుందని రంగు వేయించకండి. ప్రతి వాచీకీ ఫొటో తీసి, వాచీ వెనకున్న నెంబరు పట్టికలో రాసి, ఆ పట్టిక మీద అందరి చేతా సంతకం పెట్టించండి.

పన్ను గురించి ఒక్క మాట. సొంతానికి వాడుకున్న కారు, వాచీ అమ్మితే మూలధన లాభం పన్ను రాదు, అవి వ్యక్తిగత వస్తువులు. బంగారు కేసు వాచీని మాత్రం నగ కింద లెక్కగట్టే వీలుంది. దాన్ని అమ్మే ముందు ఆడిటర్‌ను అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది కుటుంబ ఒప్పందం. కారుకు, వాచీలకు ఇద్దరు తెలిసినవాళ్లతో రాతపూర్వకంగా ధర కట్టించండి. కారు మీరు తీసుకుని, మిగతావాళ్ల వాటా డబ్బుగా ఇవ్వండి, లేదా వాచీల్లో మీ వాటా వదులుకోండి. అన్నయ్య అడుగుతున్నది డబ్బే గనక ఒప్పుకోవచ్చు. ఆయన రానక్కర్లేదు, అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపితే చాలు. పవరాఫ్ అటార్నీ పంపిస్తే అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించండి. మాట కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు ఇచ్చే డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు ఉండదు.

ఒప్పందమయ్యాక మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయండి. అది, మరణ ధ్రువపత్రం, పాత ఆర్‌సీ, కొత్త ఇన్సూరెన్స్, మిగతా ముగ్గురి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు, వారసుడి పేరుకు బదిలీ కోరే దరఖాస్తు ఫారం 31 పట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. యజమాని పోయిన 30 రోజుల్లో సమాచారమిచ్చి, 3 నెలల్లో బదిలీకి దరఖాస్తు చేయాలన్నది నియమం. మీకు ఆ గడువు దాటింది, ఆలస్య రుసుము కట్టాల్సి వస్తుంది. పొడిగింపు దరఖాస్తు కూడా అప్పుడే ఇవ్వండి. ఆర్‌సీలో నామినీ పేరు రాయించే వీలు ఇప్పుడుంది, రాయించండి. అయితే నామినీ అయినంత మాత్రాన సొంతదారు కాదు. కారు మీ తర్వాత ఎవరికో నిర్ణయించుకుంటే, ఈసారి ఇద్దరు సాక్షులతో వీలునామా రాయండి.